నారింజ డొప్ప

గోవిందస్వామి మంచు కురవడం ఎన్నడూ చూడలేదు. అరవై ఒక్కేళ్ళ జీవితంలో ఆయన ఎరిగిన గడ్డకట్టిన నీళ్ళల్లా రంగూన్ సేక్కాన్ రేవులో చేపల పెట్టెల మీద కొట్టిపోసే ఐసే. అయినా స్వీడన్‌లో ఏ నెలకి ఎంత మంచు పడుతుందో, గడ్డకట్టిన సరస్సు మీద ఎక్కడ అడుగేస్తే పెచ్చు విరుగుతుందో, శవం ఆ నీళ్ళలో వారం ఉంటే ఎలా ఉంటుందో, పది రోజులుంటే ఎలా ఉంటుందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. అదంతా అద్దె పుస్తకాల చలవ.

రంగూన్‌లోనే లమ్మడా పేటలో ఆయనుండే సందు మొదట్లో ఆయే ఆయే అనే ఆవిడ అద్దె పుస్తకాల కొట్టు నడుపుతుంది. ఉత్తరదేశాల హత్యల కథలు, బర్మా భాషలోకి తర్జుమా అయినవి, అక్కడ ఒక అలమారా నిండా ఉంటాయి. గోవిందస్వామి ముప్పై నాలుగేళ్ళు రేవులో టాలీ గుమాస్తాగా చేశాడు. అంటే కాగితం మీద రాసిన సరుకూ ఓడలోంచి దిగిన సరుకూ ఒకటో కాదో చూసి ఒక్కొక్కదానికే టిక్కు పెట్టడం. అలాంటి మనిషికి ఆ కథలు పట్టుకున్నాయంటే వింతేమీ లేదు. ఎప్పుడూ చీకటే, ఎప్పుడూ మంచే. ప్రతి పోలీసువాడికీ పెళ్ళాం వదిలేసి పోయి ఉంటుంది, వాడు పొద్దస్తమానం కాఫీ తాగుతూ కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. కానీ ఒక మనిషి చచ్చిపోతే, ఎంత అనామకుడైనా సరే, ఎందుకు చచ్చాడో తేలేదాకా ఆ దేశానికి నిద్ర పట్టదు. గోవిందస్వామికి నచ్చింది అదే. తనుంటున్న ఊళ్ళో ఈమధ్య మనుషులు కనబడకుండా పోతే ఎక్కడికి పోయారని అడిగే నాథుడు లేడు మరి.

ఆయనకొక పాడలవాటుండేది. సగం పుస్తకం చదివేసరికే హంతకుడెవరో తేల్చేసి, ఆఖరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో ఆ పేరు రాసిపెట్టేవాడు. తప్పడం నూటికి పదిసార్లు. ఆ తర్వాత అద్దెకు తీసుకున్నవాళ్ళు వెనకపేజీ తిప్పి చూసుకుని ఆయే ఆయే మీద విరుచుకుపడేవాళ్ళు. "కో గోవిందా, నా కొట్టు ముయ్యించడానికే పుట్టారా మీరు?" అని ఆవిడ బర్మా భాషలో, అన్న అనడానికి కో చేర్చి, సణిగి, రబ్బరు ముక్క చేతిలో పెట్టి అక్కడికక్కడే చెరిపించేది. వారం తిరక్కుండా మళ్ళీ మామూలే. కుక్కతోక వంకర ఊరికే అన్నారా!

అలాంటి మనిషి ఇంట్లోకి ఉత్తరదేశపు చావు నిజంగానే వచ్చిపడింది.

చచ్చిపోయింది మేనల్లుడు సత్యప్రసాద్. ఆయన చెల్లెలు చిలకమ్మకి ఒక్కడే కొడుకు, ఇరవై ఏడేళ్ళు. తండ్రి అచ్చెన్న వీడికి ఎనిమిదేళ్ళప్పుడు రేవులో బస్తాల దొంతర మీద కూలి పోయాడు. అప్పటినుంచి చిలకమ్మా, పెళ్ళీ పెటాకులూ లేని గోవిందస్వామీ ఆ నాలుగో అంతస్తు వాటాలోనే ఉంటూ పిల్లవాణ్ణి పెంచారు. వాడు సరుకు ఓడలో పని సంపాదించుకుని వెళ్తుంటే చిలకమ్మ ఏడవలేదు, మొక్కు తీర్చుకుంది. పాతికేళ్ళ కుర్రాడు వీధిలో కనబడితే చాలు సైన్యంలోకి పేరు రాసేసుకుంటున్న రోజులు. సముద్రమ్మీదుంటే బతికుంటాడనుకుంది.

కార్తీకంలో ఓడ స్వీడన్ ఉత్తరపు కొసన ఒక చిన్న రేవులో కలప కోసం ఆగింది. నవంబరు పదిహేనో తారీకు సాయంత్రం నాలుగింటికి ఓడ దిగి బయటికి వెళ్ళిన ప్రసాద్ మళ్ళీ రాలేదు. మూడోనాడు రేవు పక్కనే నీళ్ళలో, పల్చటి మంచు పెచ్చు కింద దొరికాడు. పడవలు దింపే వాలుగట్టు మీద, కొత్తగా పడిన మంచు కింద, వాడి బూట్లు జతగా పెట్టి ఉన్నాయి. మేజోళ్ళు మడిచి వాటిలో దోపి ఉన్నాయి. టోపీ, చేతి తొడుగులూ పైన పెట్టి ఉన్నాయి. ఒంటి మీద దెబ్బలేదు. ఇలా అన్నీ విప్పి సర్దిపెట్టుకుని నీళ్ళలో దిగేవాళ్ళు ఎందుకు దిగుతారో అక్కడి పోలీసులకు తెలుసు. తన ప్రాణం తనే తీసుకున్నాడని రాసేశారు. దహనం అక్కడే జరిగిపోయింది. అస్థికలు వస్తాయన్నారు, ఎప్పుడో చెప్పలేదు.

చిలకమ్మ ఏడవలేదు. దేవుడి పటాల ముందు దీపం మానేసింది, అన్నం మానేసింది. నాలుగోనాడు అన్న కాళ్ళ దగ్గర కూర్చుని అసలు సంగతి చెప్పింది.

"నానే సంపేసినానన్నయ్యా. పున్నమికి రెండ్రోజుల ముందర ఫోన్ సేసినాడు. ఈడ మూడింటికే సీకటడిపోతంది, నానుండనేను, వచ్చీస్తానమ్మా అన్నాడు. వస్తే పట్టుకుపోతారని నాకు బయిం. కోపంతోటి నోరు జారినాను. సస్తే అక్కడే సావు గాని ఈడికి మాత్రం రాకు అన్నాను. ఆడెప్పుడైనా నా మాట కాదన్నాడేటి?"

చావు అనే మాట మనవాళ్ళ ఇళ్ళలో రోజుకి పదిసార్లు దొర్లుతుంది. పాలు పొంగితే చావంటారు, వర్షం వస్తే చావంటారు. ఆ మాటకి ఇంత బరువుంటుందని ఎవరనుకుంటారు!

"ఊరుకో సిలకా," అన్నాడు. "మనోడు సచ్చిపోయే రకం కాదు. నానింతమంది సావులు సదివినాను, నాకు తెల్దేటి? ఎవుడో తోసీసి, బూట్లక్కడెట్టి నాటకం ఆడినాడు. నాను కనిపెడతాను, సూడు."

"నిజిమేనా?"

"నిజిమే."

చిలకమ్మ అన్న మొహంలోకి చూసింది. "అయితే పేరు తెచ్చి సెప్పు. ఆ పేరొకటి సాలు నాకు," అంది. ఆ పూట రెండు ముద్దలు తింది.

ఆ రెండు ముద్దలు చూశాక గోవిందస్వామికి వెనక్కి తగ్గే దారి లేకపోయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు హత్యేనని తీర్మానించుకున్నాడు. ఓడలో వంటవాడు తన మీద అరుస్తాడని ప్రసాద్ ఒకసారి అన్నాడు. అంతే, గోవిందస్వామి లెక్కలో వాడే దోషి. కేసు చూసిన పోలీసు అధికారిణికి, ఓడ కాగితాల మీద నేర్చిన ఇంగ్లీషులో ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. వంటవాణ్ణి పిలిచి అడిగారా? తాళ్ళ మీద గుర్తులు చూశారా? నాకు ఫోటోలు కావాలి, వస్తువుల జాబితా కావాలి.

ఆవిడ జవాబివ్వదనే ఆయే ఆయే అనుకుంది. కానీ ఇచ్చింది. మీ దుఃఖానికి చింతిస్తున్నాను, నా దగ్గరున్నవి పంపిస్తున్నాను అని రెండే వాక్యాలు. ఓడ కంపెనీ ఏజెంటు ఆఫీసు మనిషి ఆ కవరు తెచ్చి కింద గంట మోగించాడు. అక్కడి వాటాలన్నిటికీ ఉన్నట్టే వాళ్ళ బాల్కనీకీ ఒక తాడూ, కొసన క్లిప్పూ వేలాడుతుంటాయి. కవరు క్లిప్పుకి తగిలిస్తే చిలకమ్మ స్వయంగా పైకి లాగింది. విప్పకుండా అన్న చేతిలో పెట్టింది.

"ఇందులో ఉంటాదా పేరు?"

"ఉంటాది," అన్నాడు గోవిందస్వామి. పటాల ముందు ఆ ఫోటోలు పరచడానికి మనసొప్పక కవరు చంకలో పెట్టుకుని సందు మొదటికి వెళ్ళాడు.

పుష్యమాసం పొద్దు. రంగూన్‌లో చలి అని చెప్పుకునే నాలుగు వారాలూ అవే. టీ కొట్టు దగ్గర జనం ఉన్ని టోపీలు పెట్టుకుని వణికిపోతున్నట్టు నటిస్తున్నారు. ఆయే ఆయే బల్ల మీద పుస్తకాలు పక్కకి నెట్టి చోటిచ్చింది. గోవిందస్వామి కళ్ళజోడు తుడుచుకుని, జాబితా ఎడమ పక్కనా ఫోటోలు కుడిపక్కనా పెట్టుకుని, పెన్సిల్ తీశాడు. ముప్పై నాలుగేళ్ళు చేసిన పనే. బూట్లు, ఒక జత, ఉంది, టిక్కు. మేజోళ్ళు, టిక్కు. టోపీ. తొడుగులు. లైటరు. ఓడలోకి వెళ్ళే కార్డు. ఫోన్, నీళ్ళు చేరినది. చిన్న సీసా, అడుగున వంటనూనె.

వంటనూనె దగ్గర ఆయన గుండె ఎగిరింది. వంటవాడే! "చూశారా ఆయే ఆయే?" అన్నాడు బర్మా భాషలో. "వంటగదిలోది ఇక్కడికెలా వచ్చింది?" ఆవిడ తలూపింది.

జాబితాలో ఎనిమిది వస్తువులు. ఎనిమిదికీ టిక్కులు పడ్డాయి. ఫోటోలు మాత్రం తొమ్మిది. కాగితం మీద లేని సరుకొకటి దిగింది.

తొమ్మిదో ఫోటో ఎందుకు తీశారో తీసినవాళ్ళకే తెలియాలి. గట్టు వాలులో, నీటి అంచున, మంచులో కూరుకుపోయి ఒక నారింజ పండు సగం డొప్ప. ఎవరో తిని పారేసిన చెత్త అనుకుని ఉంటారు, అందుకే జాబితాలో రాయలేదు. లోపల గుజ్జు లేదు, శుభ్రంగా తీసేసి ఉంది. నడుమ చిన్న దూది నలుసు. ఒకవైపు అంచు నల్లగా ఉంది.

గోవిందస్వామి చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

జేబులోంచి ఫోన్ తీసి, ప్రసాద్‌కి తను పంపిన ఆఖరి మాటల రికార్డు వెతికాడు. మూడు తరాల కింద శ్రీకాకుళం నుంచి వచ్చిన భాషే గానీ, ప్రసాద్‌కి తెలుగు అక్షరాలు రావు. అందుకే గోవిందస్వామి ఎప్పుడూ నోటితో చెప్పే పంపేవాడు. తారీకు పదిహేను. ఊరంతా బర్మావాళ్ళు తజౌండైన్ పండగ దీపాలు పెట్టుకున్న రోజు, మనకి కార్తీక పున్నమి. ఏటా ఆ రోజు అచ్చెన్న పేరున సేక్కాన్ రేవులో అరటి దొప్పలో దీపం వదులుతారు. ఏటా ఈయన మేనల్లుడికి గుర్తు చేస్తాడు. ఏటా వాడు నవ్వేసి ఊరుకుంటాడు. "నువ్వు వదిలీ మావయ్యా, నా వాటా కూడా" అంటాడు. పోలీసు కాగితంలో ఆ తారీకు మీద పదిసార్లు కళ్ళు పడినా ఈ సంగతి తట్టకపోవడానికి కారణం అదే. వాడెప్పుడు తన మాట విన్నాడు గనక!

ఈసారి రికార్డు కింద వాడి జవాబుంది, ఇంగ్లీషు అక్షరాల్లో. సరే మావయ్యా. చూసినప్పుడు, మాట తప్పించుకోడానికి అన్నాడనుకుని మర్చిపోయాడు.

"తెలిసిందా కో గోవిందా? ఎవరు?" అంది ఆయే ఆయే.

ఆయన కవరు వెనక్కి తిప్పి, అలవాటైన చేత్తో, పెన్సిల్ నొక్కి ఒక పేరు రాశాడు. తెలుగులో రాశాడు గనక ఆవిడకి అర్థం కాలేదు. "ఎవరి పేరది?" అని అడిగింది.

"మీకు తెలిసినవాడే," అని కవరు తీసుకుని లేచాడు. అద్దెకు తెచ్చిన పుస్తకం బల్ల మీదే వదిలేశాడు. ఆవిడ వెనకనుంచి పిలిచినా వినబడలేదు.

నాలుగంతస్తులు ఎక్కడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. రెండో అంతస్తులో మెట్టు మీద కూలబడ్డాడు. అక్కడ కూర్చుని, సిగ్గు విడిచి చెప్పాలంటే, అబద్ధం అల్లుకున్నాడు. వంటవాడు అంటే చాలు. ఏ దేశంవాడో, ఎక్కడ తిరుగుతుంటాడో. చిలకమ్మ వాణ్ణి జీవితాంతం తిట్టుకుంటుంది, అన్నం తింటుంది, తనని తాను తిట్టుకోవడం మానేస్తుంది. అన్న వండిపెట్టమన్నది వండిపెడుతుంది. ఎవరికీ నష్టం లేదు. వంటవాడికి తెలియనైనా తెలియదు.

కానీ ఆ అబద్ధంలో నారింజ డొప్పకి చోటు లేదు. ఎముకలు కొరికే చలిలో, భాష తెలియని ఊళ్ళో, వంటగదిలో ఇంత నూనె అడిగి తెచ్చుకుని, తన ఎనిమిదేళ్ళప్పుడు పోయిన తండ్రికి వాడు దీపం పెట్టాడు. వంటవాడి పేరు చెబితే ఆ దీపం ఎవరూ పెట్టనట్టే. దిగని సరుక్కి టిక్కు పెట్టిన పాపాన తన చెయ్యి ఎన్నడూ పోలేదు, దిగిన సరుకుని లేదనీ అనలేదు. పైగా వంటవాడికీ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది. గోవిందస్వామి గోడ పట్టుకుని లేచాడు.

చిలకమ్మ బియ్యం ఏరుతోంది. అన్నని చూడగానే చేట పక్కన పెట్టింది.

"దొరికిందా పేరు?"

"దొరికింది." ఆయన నేల మీద, ఆమెకెదురుగా కూర్చున్నాడు. "ఎవులూ తొయ్యనేదు సిలకా. ఆడంతట ఆడూ సావనేదు. ముందర ఇది ఇను."

ఫోన్ మధ్యలో పెట్టి రికార్డు నొక్కాడు. ఆయన గొంతే, హుషారుగా, ఎవరికో పెత్తనం చేస్తున్నట్టు మోగింది.

"అల్లుడూ, ఇయ్యాల పున్నమి రా! మీ నాన్నకి దీపం వదలాల. మేం ఈడ రేవులో వదిలీసినాం. నువ్వూ నీళ్ళ పక్కనే ఉన్నావు గదా, వదిలీ. అరిటి దొప్ప నేదని వంకెట్టకు. నారింజపండు కోసి, గుజ్జు తీసీసి, డొప్పలో నూని పోసుకో. సూడు, బూట్లతోటి మాత్రం దిగకు. గంగమ్మ తల్లి, మైలపడిపోద్ది. అన్నీ ఇప్పీసి, పాదాలు తడిసేలాగ దిగి వదులు. మీ నాన్న సూసుకుంటాడు."

రికార్డు ఆగింది. గోవిందస్వామి తొమ్మిదో ఫోటో ఆమె ఒళ్ళో పెట్టాడు. మిగతాది చెప్పాడు. గట్టు వాలుగా ఉంది, దాని మీద మంచు గాజులా గడ్డకట్టి ఉంది, ఒట్టి పాదం దాని మీద నిలవదు. అంత చల్లటి నీళ్ళలో పడ్డవాడికి కేక వెయ్యడానికి కూడా ఊపిరందదు. అది ఆయన పుస్తకాల్లో చాలాసార్లు చదివాడు. అల్లుడికి నీళ్ళలోకి దిగమని చెప్పినప్పుడు మాత్రం ఒక్క పేజీ గుర్తుకు రాలేదు.

"పేరు అడిగినావు గదా," అంటూ కవరు తిప్పి చూపించాడు. "నాదే."

ఆమె అరుస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, కొట్టాలనే కోరుకున్నాడు. చిలకమ్మ కవరు వంక చూడనేలేదు. పెదాలు కదిలాయి.

"అయితే ఆడు నా మాట ఇన్నేదు," అంది మెల్లిగా. "సావమన్నాను. ఇన్నేదు."

"ఇన్నేదు సిలకా."

రెండు నెలలుగా గడ్డకట్టుకుపోయిన ఏడుపు అప్పుడు వచ్చింది. ఎవరైనా వింటారన్న వెరపు లేకుండా, తల గోడకి ఆనించి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. పక్కవాటా వాళ్ళు తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు. గోవిందస్వామి ఆమెని ముట్టుకోలేదు. ముట్టుకునే అర్హత తనకు లేదనుకున్నాడు.

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "బూట్లతో దిగకూడదని నీకెవులు నేర్పినారు?"

"మనమ్మ."

"నాకూ అమ్మే నేర్పింది. ఆవేళ ఆడి మీద కోపంతోటి మాటాడనేదు గాని, మాటాడుంటే నానూ అదే సెప్దును." కొంగు దోపుకుని మళ్ళీ అంది. "నాను రావొద్దనకపోతే ఆ పున్నమికి ఆడు ఇక్కడే ఉండీవోడు. నీ ఒక్కడి పేరే రాసుకున్నావేటి?"

ఆ మాట ఓదార్పో నిందో ఆయనకి తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు. ఆయన కళ్ళు కూడా అప్పుడే తడిశాయి.

చిలకమ్మ ఫోటో ఎత్తి కిటికీ వెలుగులోకి తిప్పింది. కళ్ళు చిట్లించి చూసింది.

"దీపం ఎలిగిందా అన్నయ్యా?"

"ఎలిగింది. అదిగో సూడు, అంచు నల్లగా కాలింది."

ఆమె ఆ నల్లటి అంచు మీద వేలు పెట్టింది. ఏటా అరటి దొప్పల్లో దీపాలు పెట్టే చెయ్యి అది. పచ్చి తొక్క అంటుకోవాలంటే వత్తి ఎంత కిందికి కాలాలో, అందుకు ఎంతసేపు పడుతుందో ఆమెకి తెలుసు. ఇన్ని పుస్తకాలు చదివిన అన్నకి అది తట్టలేదు.

"ఇది నీళ్ళలోకెల్లనేదు. ఒడ్డునే ఉండిపోనాది. ఆడు వదలకుండా పట్టుకుని కూకున్నాడు," అంది. "ఇదింత కాలేదాకా, అంతసేపూ, ఆ మంచులో ఒట్టి కాళ్ళతోటే ఉన్నాడా నా తండ్రి?"

గోవిందస్వామి తలదించుకుని, నేల మీద బాసింపట్టు వేసుకున్న తన కాళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు.